ఆ నల్ల చుక్క స్కానింగ్ లోపం కాదు

1930ల ఆర్థిక మాంద్యం నాటి అమెరికా పల్లె ఫొటోల్లో ఒకదాని మధ్యలో గుండ్రటి నల్ల మచ్చ ఉందని, ఫైల్ పాడైందేమోనని అడిగారు. ఫైల్ బాగానే ఉంది, మళ్ళీ డౌన్‌లోడ్ చేసినా మచ్చ పోదు. అది నెగటివ్‌కే కొట్టిన రంధ్రం.

ఆ ఫొటోలు తీయించింది పేద రైతులకు సాయం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ, ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్. అందులో, అంతకుముందు 1935లో మొదలైన రీసెటిల్‌మెంట్ అడ్మినిస్ట్రేషన్‌లో, ఫొటో విభాగానికి పెద్ద రాయ్ స్ట్రైకర్. వాకర్ ఎవాన్స్, బెన్ షాన్, ఆర్థర్ రోత్‌స్టీన్ లాంటివాళ్ళు ఊళ్ళు తిరిగి తీసి పంపిన వాటిలో పనికిరావనుకున్న నెగటివ్‌లకు ఆఫీసులో పంచ్‌తో రంధ్రం కొట్టేవారు, మళ్ళీ ఎవరూ ప్రింట్ వేయకుండా. పక్కన పెడితే సరిపోయేది కదా! ఫొటోగ్రాఫర్లు అభ్యంతరం చెప్పారు, కొన్నేళ్ళకు ఆ పద్ధతి ఆగింది. ఎక్కువగా దెబ్బతిన్నవి 35 ఎంఎం నెగటివ్‌లే.

మీ ఎగ్జిబిషన్‌కి రంధ్రం లేని ఫొటో కావాలంటే, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఆ ఫొటో పేజీ తెరిచి కాల్ నంబర్ (లైబ్రరీ ప్రతి ఫొటోకి ఇచ్చే నంబర్) ప్రకారం పక్క ఫొటోలు చూడండి. అదే కుటుంబాన్ని, అదే గుడిసెను తీసిన వేరే ఫ్రేమ్ చాలాసార్లు దొరుకుతుంది. రంధ్రం ఉన్న ఫొటోకి తరచూ శీర్షిక ఉండదు కాబట్టి, పేరుతో వెతికి దాని పక్క ఫ్రేమ్‌లు పట్టుకోలేం. ప్రింట్‌కి జేపెగ్ వద్దు, టిఫ్ ఫైల్ తీసుకోండి. ప్రభుత్వ ఉద్యోగులు తీసినవి కనుక కాపీరైట్ టెన్షన్ లేదు, ఫొటోగ్రాఫర్ పేరు మాత్రం వేయండి.

ఫొటోషాప్‌లో ఆ మచ్చ పూడ్చొద్దని నా సలహా. అక్కడ ఏముండేదో మనం ఊహించి గీసినట్టవుతుంది.