కాలం మారిన ప్రతిసారీ ఇల్లంతా నా నెత్తినే పడుతోంది

ప్రశ్న: నా వయసు 36. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఐదు. బాబు పుట్టాక ఉద్యోగం మానేశాను. ఎవరూ బలవంతం చేయలేదు, ఇష్టపడే మానేశాను. ఇల్లు పొందిగ్గా పెట్టుకోవడం, పిల్లలతో గడపడం నాకు నిజంగా ఇష్టం. కానీ కాలం మారుతోందంటే గుండెల్లో రాయి పడుతోంది. ఎండలు ముదిరితే కొన్ని పనులు, వానలు మొదలైతే ఇంకొన్ని, చలి వస్తే మళ్లీ కొత్తవి. ఒకటి తెమిలేలోపే ఇంకోటి తయారు. మొన్న ఉన్నట్టుండి చలి పెరిగింది. అప్పటికప్పుడు అటక మీంచి దుప్పట్లు దించి పిల్లలకి కప్పాను. బాబు తెల్లవార్లూ తుమ్ముతూనే ఉన్నాడు. పొద్దున్నే మా వారు, 'రోజంతా ఇంట్లోనే ఉంటావు కదా, దుప్పట్లు ఒకసారి ఎండలో వేయడానికి కూడా కుదర్లేదా?' అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. 'ఏం చేయాలో చెప్పు, చేస్తాను' అంటూనే ఉంటారు. ఆ మాట వింటేనే నాకు ఒళ్లు మండుతోంది. ఆ కోపమంతా ఆ రోజు పాప మీద చూపించాను. ఖర్చులకి ఆయన్ని అడగాలన్నా చిన్నతనంగా ఉంటోంది. మా అమ్మ ఇవన్నీ పల్లెత్తు మాట అనకుండా చేసుకుపోయింది. నేనెందుకు చేయలేకపోతున్నాను? మళ్లీ ఉద్యోగంలో చేరితే ఈ టెన్షన్ తప్పుతుందా?

జవాబు: దుప్పట్ల గురించి మీ వారు అన్న మాట మిమ్మల్ని నొప్పించింది, నిజమే. కానీ 'ఏం చేయాలో చెప్పు' అన్నప్పుడు ఒళ్లు మండుతోందని రాశారు చూడండి, అసలు సమస్య అక్కడుంది. సాయం చేస్తానన్న మనిషి మీద కోపం రావడమేమిటని లోలోపల మిమ్మల్ని మీరే తిట్టుకుంటూ ఉండొచ్చు. తిట్టుకోకండి. ఆ కోపంలో న్యాయం ఉంది. ఏం చేయాలో చూసుకుని, గుర్తుపెట్టుకుని, ఇంకొకరికి చెప్పడం కూడా పనే. నన్నడిగితే ఇంటి పనుల్లోకెల్లా బరువైనది అదే.

ఆ దుప్పట్లనే తీసుకుందాం. చలి దగ్గరపడుతోందని ముందుగా ఎవరో ఒకరు కనిపెట్టాలి. ఏ పెట్టెలో ఏం సర్దామో గుర్తుండాలి. బాగా ఎండ కాసే రోజు చూసుకోవాలి, ఆ రోజు పిల్లలకి ఒంట్లో బాగుండాలి, బయట పనులేవీ ఉండకూడదు. అప్పుడు పెట్టె దించి, దులిపి, పురుగేమైనా కొట్టిందేమోనని మడత మడతా విప్పి చూసి, ఎండలో వేసి, మధ్యాహ్నం తిరగేసి, మబ్బు పడితే పరుగెత్తాలి. అదే పెట్టెలో స్వెట్టర్లు కూడా ఉంటాయి. ఈ వయసు పిల్లలు ఏడాదికి 5, 6 సెంటీమీటర్ల దాకా పొడుగవుతారు కాబట్టి నిరుటి స్వెట్టర్ వేసి చూస్తే చేతులు మణికట్టు దాకా రావు. పాపది బాబుకి సరిపోతుందా, పాపకి కొత్తది కొనాలా, ఈ నెలలోనే కొనాలా, బడి ఫీజు కట్టే నెల కదా, ఆగితే ఈలోపు జలుబు చేస్తుందేమో! ఇదంతా మీ ఒక్కరి బుర్రలో తిరుగుతోంది. మీ వారి కంటికి ఆనింది మాత్రం 'ఎండలో వేయడం' అన్న ఒక్క పని.

ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు. 2019లో అమెరికాలో 35 జంటలతో మాట్లాడి చేసిన ఒక సామాజిక శాస్త్ర పరిశోధన, ఇల్లు నడపడానికి బుర్రతో చేసే పనిని నాలుగు భాగాలుగా విడదీసి చూపించింది. రాబోయే అవసరాన్ని ముందే పసిగట్టడం, దానికి దారులు వెతకడం, ఒకటి నిర్ణయించడం, ఆ తర్వాత పని సరిగ్గా జరుగుతోందో లేదో కనిపెట్టుకుని ఉండడం. నిర్ణయం దగ్గరికొచ్చేసరికి భార్యాభర్తలిద్దరూ ఉంటున్నారట. మొదటిదీ చివరిదీ మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయి. మీ వారు 'చెప్పు, చేస్తాను' అంటున్నప్పుడు ఆ రెండూ మీ దగ్గరే వదిలేస్తున్నారు. ఆయనకి ఆ సంగతి తెలియదు. మీకు తెలుసు కానీ ఇన్నాళ్లూ దాన్ని మాటల్లో పెట్టలేకపోయారు.

చేతుల పని మాత్రం తక్కువా? అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం, జీతం లేని ఇంటి పనికి, పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడానికి ప్రపంచంలో స్త్రీలు సగటున రోజుకి 4 గంటల 25 నిమిషాలు వెచ్చిస్తుంటే, పురుషులు 1 గంట 23 నిమిషాలు వెచ్చిస్తున్నారు. చిన్నపిల్లలున్న ఇంట్లో మీ రోజు ఆ సగటు దగ్గర ఆగదని వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో బాధ ఉంది. కాలానికి తగ్గట్టు ఇల్లు సర్దే పనులు బాగా జరిగితే ఎవరికీ కనబడవు. వానాకాలంలో కుండీల కింద పళ్లేల్లో, వాడని బకెట్లలో నిలిచిన నీళ్లని మీరు వారానికోసారి పారబోస్తూ ఉంటారు. దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ దాకా రావడానికి వారం, పది రోజులు చాలు కాబట్టి ఆ వారం లెక్క చాలా ముఖ్యం. మీరు అది తప్పకుండా చేస్తే జరిగేదేమిటి? దోమలు ఉండవు. పిల్లలకి జ్వరాలు రావు. రాని జ్వరానికి మిమ్మల్ని మెచ్చుకునేదెవరు? ఒక్క వారం మర్చిపోతే మాత్రం ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది. ఏళ్ల తరబడి తప్పులే కనబడి, చేసిన పని కనబడకపోతే ఎంత ఓర్పున్న మనిషికైనా విసుగొస్తుంది.

ఇప్పుడు ఏం చేయాలంటారా? సాయం అడగడం మానేయండి. పనిని మొత్తంగా అప్పగించండి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. 'ఏమండీ, కాస్త ఆ దుప్పట్లు ఎండలో వేస్తారా' అన్నారంటే పని ఇంకా మీదే, ఆయన చేయి సాయం చేస్తున్నారంతే. దాని బదులు ఇలా చెప్పి చూడండి: 'ఏమండీ, మీరు సాయం చేస్తానంటారు, మీ మనసు మంచిదని నాకు తెలుసు. కానీ ఎప్పుడు ఏం చేయాలో గుర్తుపెట్టుకుని మీకు చెప్పడమే నాకు భారంగా ఉంది. చలికాలం పక్కబట్టలు, స్వెట్టర్ల పని ఇకనుంచి పూర్తిగా మీరు చూసుకోండి. ఎప్పుడు దించాలో, ఏం కొనాలో, చలి తగ్గాక ఎప్పుడు ఉతికి లోపల పెట్టాలో అన్నీ మీ ఇష్టం. నేను గుర్తుచేయను.' ఈ మాటలే అనాలని లేదు, మీ ఇంట్లో మీరు మాట్లాడుకునే తీరులో అనండి. 'గుర్తుచేయను' అన్న మాట మాత్రం వదలొద్దు.

ఇది గొడవ జరిగిన పొద్దున చెప్పే మాట కాదు. సెలవు రోజు, ఇద్దరూ కాస్త తీరిగ్గా ఉన్నప్పుడు ఒక కాగితం ముందు పెట్టుకుని కూర్చోండి. రాబోయే రెండు నెలల్లో ఇంటికి కావాల్సినవన్నీ మీ బుర్రలోంచి ఆ కాగితం మీదకి దించండి. ఆయన్ని కూడా రాయమనండి, ఆయన చూసుకునేవీ కొన్ని ఉంటాయి కదా. అవి మీకూ తెలియాలి. రాస్తుండగానే చాలామంది మగవాళ్లకి, 'ఇన్ని ఉన్నాయా' అని అప్పుడు తెలిసొస్తుంది. ఏ వాదన వల్లా రాని మార్పు ఆ కాగితం వల్ల రావడం నేను చాలా ఇళ్లలో చూశాను. రాసినవాటిలో ఆయన ఏవి మొత్తంగా తీసుకుంటారో ఆయన్నే ఎంచుకోనివ్వండి.

ఆ తర్వాత మీకు కష్టమైన భాగం వస్తుంది. ఆయన మొదటిసారి ఆలస్యం చేస్తారు. మడతలు వంకరగా పెడతారు. మీరు వెనకాలే వెళ్లి మళ్లీ సర్దారంటే పని తిరిగి మీ ఒళ్లోకి వచ్చి కూర్చుంటుంది. ఏం తప్పనిసరో ముందే ఇద్దరూ అనుకోండి. దుమ్ము ఉండకూడదు, తేమ ఉండకూడదు, చలి ముదరకముందే పిల్లల మంచం మీదకి రావాలి. అంతవరకూ పట్టుబట్టండి. మడత మీద పట్టుబట్టకండి.

బాబు తుమ్ముల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ పనిని ఎవరు తీసుకున్నా ఇది తెలిసి ఉండాలి. నెలల తరబడి పెట్టెలో ఉన్న దుప్పటిలో దుమ్ము, కంటికి కనబడని దుమ్ము పురుగులు ఉంటాయి. పడనివాళ్లకి వాటివల్ల తుమ్ములు, ముక్కు కారడం మామూలే. ఎండలో వేయడం కంటే ముందు ఉతకడం మంచిది. ఆ బట్టకి పర్వాలేదంటే 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికితే దుమ్ము పురుగులు చస్తాయి. పెట్టెలో కలరా ఉండలు వేసే అలవాటుంటే ఇంకాస్త జాగ్రత్త పడాలి. చాలావాటిలో నాఫ్తలీన్ అనే రసాయనం ఉంటుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో అది ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది, నెలల పసికందులకైతే మరీ ప్రమాదం. ఆ వాసన ఉన్న బట్టని ఉతికి, బాగా గాలికి ఆరబెట్టి, వాసన పూర్తిగా పోయాకే పిల్లలకి వాడాలి. బాబుకి తుమ్ములు తగ్గకపోయినా, ఆయాసం లాంటిది కనిపించినా పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఇందులో మీ తప్పేమీ లేదు. చలిగా ఉన్న రాత్రి బిడ్డకి దుప్పటి కప్పారు, ఏ తల్లయినా అదే చేస్తుంది.

అమ్మతో పోల్చుకోవడం గురించి ఒక్క మాట. ఆవిడ పల్లెత్తు మాట అనలేదంటే బాధ లేదని అర్థం కాదు. వీలున్నప్పుడు ఫోన్ చేసి, 'అమ్మా, అప్పట్లో ఇవన్నీ ఎలా తట్టుకున్నావు' అని అడగండి. ఆవిడ చెప్పేది మీరు ఊహించుకున్న దానికి వేరుగా ఉండొచ్చు. అమ్మ చేసిన ప్రతి పనీ మీరు చేయాల్సిన అవసరమూ లేదు. నిలవ నీళ్లు, పక్కబట్టలు, తాగే నీళ్లు, గడువు దాటిన మందులు... ఆరోగ్యంతో ముడిపడిన పనులు తప్పవు. కర్టెన్లు మార్చడం, అటకంతా దించి సర్దడం ఒక కాలం ఆగినా కొంప మునిగేదేమీ లేదు. మీకు ఇష్టమైతే చేయండి, లేకపోతే వదిలేయండి.

పాపతో మాత్రం ఆలస్యం చేయకుండా మాట్లాడండి. 'ఆ రోజు నాకు వేరే విషయం మీద కోపమొచ్చి నీ మీద అరిచాను. నీ తప్పేం లేదమ్మా' అని చెప్పండి. 'కానీ నువ్వు కూడా...' అని దానికి తోక తగిలించొద్దు. తొమ్మిదేళ్ల పిల్లకి అమ్మ కోపం ఎందుకొచ్చిందో తెలియకపోతే, తనవల్లే అనుకుంటుంది. పొట్టి అయిపోయిన బట్టలు వేరుచేయడం, సాక్సులు జతచేయడం లాంటివి పిల్లలిద్దరికీ అప్పగించొచ్చు. బాబుకి కూడా, చిన్నవాడు కదా అని వదలకండి.

ఉద్యోగం విషయానికొస్తే, ఉద్యోగం మీద ఇష్టంతోనే అయితే చేరండి, చాలా మంచిది. ఈ ఇంటి భారాన్ని తప్పించుకోవడానికి మాత్రం వద్దు. జీతం వచ్చినంత మాత్రాన స్వెట్టర్ల లెక్క మీ బుర్రలోంచి దానంతట అది ఖాళీ అవదు. ఉద్యోగం చేస్తూనే ఇదంతా మోస్తున్న ఆడవాళ్లు నా దగ్గరికి రోజూ వస్తుంటారు. ముందు పనులు పంచుకుని ఒక కాలం గడిపి చూడండి, అప్పుడు కూడా ఉద్యోగం చేయాలనిపిస్తే ఆ కోరిక నిజమైనదే. డబ్బు సంగతి మాత్రం అంతవరకూ ఆపొద్దు. ప్రతి నెలా ఒక మొత్తం మీ పేరున ఉన్న ఖాతాలోకి రావాలి, దానికి మీరు ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. పొదుపు, బీమా మీ పేరు మీద కూడా ఉండాలి. ఇది మీ వారి దయ కాదు, ఇద్దరూ కలిసి నడిపే ఇంట్లో మీ వాటా. కాగితం ముందు కూర్చున్న రోజే ఈ మాట కూడా తీయండి.

ఇంకొకటి మీరు రాయలేదు కానీ నేను అడగాలి. రాత్రిళ్లు నిద్ర పడుతోందా? ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోతోందా? రోజులో ఎక్కువసేపు దిగులుగా, ఏడుపొస్తున్నట్టుగా ఉంటోందా? ఇలా రెండు వారాలకి మించి సాగుతుంటే అది అలసట కాకపోవచ్చు, డిప్రెషన్ కావొచ్చు. దానికి మంచి చికిత్స ఉంది. పనులు పంచుకున్నాక చూద్దాంలే అని వాయిదా వేయకుండా వెంటనే మానసిక వైద్యుల్ని కలవండి. వెళ్లేటప్పుడు మీ వారిని కూడా వెంట తీసుకెళ్లండి. డాక్టర్ అడిగేవాటికి మీరు చెప్పే జవాబులు ఆయన కూడా పక్కనుండి వినాలి.