మేత కొట్టు కంప్యూటర్లు, ఉచిత సాఫ్ట్‌వేర్, మీ అబ్బాయి జీతం

పాలకొల్లు దగ్గర్నుంచి ఒక తండ్రిగారు అడిగారు. ఆయనకి రొయ్యల మేత, మందుల డీలర్‌షిప్ ఉంది, కొట్లో మూడు కంప్యూటర్లు, గొడౌన్లో ఒకటి. అబ్బాయి భీమవరంలో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. సెలవలకి వచ్చినప్పుడల్లా "నాన్నా ఈ విండోస్ పీకేద్దాం, అన్నిట్లో లైనక్స్ పెట్టేద్దాం, అంతా ఓపెన్ సోర్సే, పైసా ఖర్చు ఉండదు, వైరస్‌లు రావు" అంటాడంట. లైనక్స్ అంటే విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, ఓపెన్ సోర్స్ అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచిన సాఫ్ట్‌వేర్. పైగా క్యాంపస్ ఉద్యోగాలు వద్దు, ఓపెన్ సోర్స్, సెక్యూరిటీ లైన్లోనే ఉంటానంటున్నాడంట. ఆయన ప్రశ్న రెండు ముక్కలే: "ఉచితంగా వచ్చేదాన్ని వ్యాపారంలో నమ్మొచ్చా అండీ? ఉచితంగా వచ్చేదాని మీద మావాడికి జీతం ఎవడిస్తాడండీ?"

అండీ, రెండోదే ముందు చెప్తాను, ఎందుకంటే మీకు నిద్ర పట్టనిది అదేనని తెలుస్తానే ఉంది. రెడ్ హ్యాట్ అని ఒక కంపెనీ ఉంది, వాళ్ల యాపారం ఎక్కువగా లైనక్స్ మీదే, ఆ లైనక్స్ కోడ్ 1991 నుంచీ ఎవరైనా దించుకుని వాడుకునేదే. అలాంటి కంపెనీని ఐబీఎం 2019లో 3400 కోట్ల డాలర్లు పెట్టి కొనుక్కుంది. రూపాయలు కాదండి, డాలర్లు. మరి ఉచితంగా దొరికేదానికి అంత డబ్బు ఎందుకు పెట్టారంటే వాళ్లు కొన్నది కోడ్ కాదు, అది చెడిపోతే రాత్రి రెండింటికి ఫోనెత్తే మనుషుల్ని, పదేళ్ల పాటు అప్‌డేట్లు ఇస్తామన్న మాటని.

మన కాలవ సంగతి చూడండి. నీటి తీరువా ఎంత కడతాం, చెప్పుకోడానికి కూడా ఉండదు. కానీ ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు పూడిక తియ్యకపోయినా, గుర్రపుడెక్క లాగకపోయినా, లాకుల దగ్గర మనిషి లేకపోయినా శివారు చేనుకి చుక్క రాదు కదా. మీ అబ్బాయికి జీతం వచ్చేది ఆ పూడిక పనికి, ఆ లాకు కాపలాకి. లైనక్స్ ఇన్‌స్టాల్ చెయ్యడానికి ఎవరూ ఇవ్వరు, అది యూట్యూబ్ చూసి ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా చేసేస్తన్నాడు.

ఇప్పుడు మొదటి ప్రశ్న, నమ్మొచ్చా అని. నమ్మొచ్చు, కానీ మీవాడు చెప్పే కారణానికి కాదు.

నేను ఈ సలహాల పనిలోకి రాకముందు సిస్టమ్స్ పని చేసేవాణ్ణి, అప్పట్లో తణుకు వైపు ఒక రైస్ మిల్లు నుంచి పొద్దున్నే ఫోను, ఏ ఫైలూ తెరుచుకోట్లేదు, స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఏదో వచ్చింది, బిట్‌కాయిన్ అంటన్నాడు అని. వెళ్లి చూస్తే ర్యాన్‌సమ్‌వేర్, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్. ఖాతాలు, స్టాకు, రైతుల బాకీలు అన్నీ లాక్. బ్యాకప్ లేదా అంటే ఉందండీ రోజూ తీస్తన్నాం అని గుమస్తా గారు హార్డ్ డిస్క్ చూపించారు, పాపం ఆయన తప్పేం లేదు, రోజూ తీసేవారు, కాకపోతే ఆ డిస్క్ ఇరవై నాలుగ్గంటలూ కంప్యూటర్‌కే గుచ్చి ఉండేది, దాంతో అదీ లాక్ అయిపోయింది. చివరికి ఆడిటర్ గారి దగ్గర ఉన్న పాత కాపీ తెచ్చి, మిగతాది కాటా చీటీలు ముందేసుకుని ముగ్గురు మనుషులు మూడు వారాలు కూర్చుని కొట్టుకున్నారు. ఎలా వచ్చిందయ్యా అంటే, ఓనర్ గారు హైదరాబాద్‌లో కూతురింటికి వెళ్లినప్పుడు కూడా ఖాతాలు చూసుకోవాలని ఎవరో రిమోట్ డెస్క్‌టాప్, అంటే దూరం నుంచి ఆ కంప్యూటర్ వాడుకునే దారి, ఇంటర్నెట్‌కి తెరిచిపెట్టారు, పాస్‌వర్డ్ మిల్లు పేరు, పక్కన 123. విండోస్ క్రాక్ కాపీ, అప్‌డేట్లు ఆపేసి ఉన్నాయి.

ఇది మీవాడితో చదివించండి. ఆ మిల్లులో లైనక్స్ ఉండి, ఆ పాస్‌వర్డే ఉంటే అదీ పోయేదే. 2017 మేలో వన్నాక్రై అనే ర్యాన్‌సమ్‌వేర్ వచ్చి ప్రపంచం అంతా కంప్యూటర్లు ఆగిపోయినప్పుడు, మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కాయి, దానికి విరుగుడు అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చేసింది. రెండు నెలలు చాలామంది పట్టించుకోలేదు, అంతే.

మరి ఓపెన్ సోర్స్‌లో లాభం ఏంటంటే, కోడ్ అందరికీ కనపడుతుంది కాబట్టి మోసం దాగడం కష్టం. కష్టమే గానీ అసాధ్యం కాదు, ఈ కథ ఒక్కటి వినండి. ఎక్స్‌జెడ్ అని ఫైళ్లు కుదించే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటుంది, లైనక్స్ ఉన్న ప్రతి చోటా దాదాపు అది ఉంటాది. దాన్ని ఏళ్ల తరబడి చూసుకుంటున్నది ఒక్క మనిషి, జీతం లేదు, ఓపిక అయిపోయింది. జియా టాన్ అనే పేరుతో ఒకరు వచ్చి నేను సాయం చేస్తానని రెండేళ్లకు పైగా బుద్ధిగా పనిచేశారు. మన కొట్లో కొత్త గుమస్తా లెక్క తప్పకుండా రెండేళ్లు చేస్తే బీరువా తాళాలు చేతికిస్తాం చూడండి, అలాగే ఆ మనిషికి తాళాలు వచ్చేశాయి. ఆ తర్వాత 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగ తలుపు పెట్టేశారు. 2024 మార్చి చివర్లో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన టెస్ట్ మెషిన్లో లాగిన్ అరసెకను లేటవుతోందేంటని తవ్వుకుంటూ వెళ్లి దాన్ని పట్టుకున్నాడు. అరసెకనండి! మనమైతే నెట్ స్లోగా ఉందిలే అనుకుని టీకి వెళ్లిపోతాం. అదృష్టం ఏంటంటే ఆ వెర్షన్లు అప్పటికి ఎక్కువగా టెస్టింగులోనే ఉన్నాయి, ఆఫీసుల్లో వాడే సర్వర్ల దాకా పెద్దగా రాలేదు.

ఇంకో సంగతి, ఆ ఫ్రాయిండ్ మైక్రోసాఫ్ట్ ఉద్యోగి, ఆయన పని పోస్ట్‌గ్రెస్ అనే ఓపెన్ సోర్స్ డేటాబేస్ మీద. ఉచిత సాఫ్ట్‌వేర్‌కి పని చేసేవాడికి జీతం ఎవడిస్తాడన్నారు కదా, ఇదిగో, విండోస్ అమ్మేవాళ్లే ఇస్తన్నారు.

అందుకని ఒక సాఫ్ట్‌వేర్ కొట్టుకి పనికొస్తుందా లేదా అని చూసేటప్పుడు మీవాడు ముందు చూడాల్సింది ధర కాదు, దాని వెనక ఎంతమంది ఉన్నారు, ఆఖరి రిలీజు ఎప్పుడు, తప్పు బయటపడితే ఎన్నాళ్లకి సరిచేస్తన్నారు, రేపు వద్దనుకుంటే మన డేటా మొత్తం బయటికి తీసుకోగలమా. చివరిది మరీ ముఖ్యం. పెద్ద పేరు ఉంటే చాలు అనుకోడానికీ లేదు, సర్వర్లలో వాడే సెంటోస్ అనే లైనక్స్ ఉంది, దాని 8వ వెర్షన్‌ని 2029 దాకా చూస్తామని చెప్పి 2020 డిసెంబర్లో మాట మార్చి 2021 చివరికే ఆపేశారు, సర్వర్లు పెట్టుకున్న వాళ్లు చాలామంది రాకీ లైనక్స్‌కో ఆల్మా లైనక్స్‌కో మారాల్సొచ్చింది. కోడ్ ఓపెన్ కాబట్టి మారడానికి దారైతే ఉంది, కోడ్ ఎవరికీ చూపించని కంపెనీ మూసేస్తే ఆ దారి కూడా ఉండదు, నేను ఓపెన్ సోర్స్ వైపు మొగ్గేది ఇందుకే.

ఇక మీ కొట్టు. ట్యాలీ ఉన్న కంప్యూటర్ జోలికి వెళ్లొద్దనండి. ట్యాలీ విండోస్ మీద నడిచేది, మీ ఆడిటర్ గారికి అలవాటైనది, జీఎస్టీ, ఈ-వే బిల్లు అన్నీ దాంట్లోంచే వెళ్తన్నాయి. దానికి అసలు లైసెన్సు విండోస్ పెట్టించండి, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి ఆ మెషిన్ 11కి పనికొస్తుందో లేదో చూడమనండి, పాతదైతే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండకపోవచ్చు, అది లేకపోతే 11 పట్టదు. పట్టకపోతే పారెయ్యక్కర్లేదు, అలాంటి మెషిన్లే గొడౌన్‌కి, కౌంటర్‌కి లైనక్స్ మింట్ వేసి ఇచ్చేయొచ్చు, అక్కడ కావాల్సింది బ్రౌజరు, స్టాకు షీటు, ప్రింటు, వాటికి ఎక్సెల్, వర్డ్ లాంటి ఉచిత లిబ్రే ఆఫీస్ సరిపోతాది. ప్రింటర్ పని చేస్తుందో లేదో ముందు చూసుకోమనండి, ముఖ్యంగా ఆ పాత డాట్ మ్యాట్రిక్స్. ఇంకా రైతులకిచ్చే బాకీ నోటీసులు, ఊళ్లో డీటీపీ షాపులో కొట్టించినవి, అవి అను ఫాంట్లలో ఉంటాయి, లైనక్స్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనపడతాయి, అప్పుడు గుమస్తా గారు "ఇదేం కంప్యూటర్రా బాబూ" అని మీవాణ్ణి తిట్టుకుంటారు. వాటిని ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనపడే యూనికోడ్‌లో మళ్లీ కొట్టించుకోవాల్సిందే. మల్లన్న, రామరాజ లాంటి ఉచిత లైసెన్సు ఫాంట్లు బాగానే ఉంటాయి.

రైతువారీ అప్పు ఖాతాలు, మందుల బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ తేదీలు ఇవన్నీ ఒక్కచోట కావాలంటే ముంబై ఫ్రాపే కంపెనీ వాళ్ల ఈఆర్‌పీ నెక్స్ట్ ఉంది, ఓపెన్ సోర్సే. మీవాడు దాన్ని సొంత ల్యాప్‌టాప్‌లో పెట్టి, మీ పాత బిల్లులు ఓ ఆరు నెలలవి ఎక్కించి చూపించమనండి. ట్యాలీతో లెక్క రూపాయి తేడా లేకుండా వస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

వీటన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని మాత్రం బ్యాకప్. రెండు హార్డ్ డిస్కులు కొనండి, ఒకటి కొట్లో, ఒకటి ఇంట్లో, వారం వారం మార్చుకోండి, కాపీ అవ్వగానే కేబుల్ పీకేయాలి. నెలకోసారి ఆ కాపీ నుంచి నిజంగా ఖాతాలు తెరిచి చూడాలి, చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. తర్వాత గుమస్తా గారి ఫోన్ వాట్సాప్‌లో రైతుల ఆధార్ జిరాక్సులు, పాస్‌బుక్ ఫొటోలు ఎన్ని ఉన్నాయో చూడమనండి, మీకే భయమేస్తుంది. 2023 డేటా రక్షణ చట్టంలో జరిమానా 250 కోట్ల దాకా ఉంది, మీ కొట్టుకి అంత వేస్తారని కాదు గానీ అవి అలా తిరగడం తప్పే కదా. డబ్బు ఏమైనా పోతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఆ నంబరు కౌంటర్ మీద రాసి అంటించండి.

ఇప్పుడు బాబూ, ఇది నీకు. క్యాంపస్ వదలొద్దు. పాలకొల్లులోనో నరసాపురంలోనో కూర్చుని ఈ లైన్లో మొదటి ఉద్యోగం దొరకడం కష్టం, హైదరాబాదో బెంగళూరో వెళ్లక తప్పదు, వెళ్లడానికి క్యాంపసే చవకైన దారి. వచ్చిన ఆఫర్ తీసుకుని లోపలికెళ్లాక లైనక్స్, క్లౌడ్, సెక్యూరిటీ ప్రాజెక్టు కావాలని అడుగు. సెక్యూరిటీ అంటే సినిమాలో లాగ ఉండదు, మొదట్లో నైట్ షిఫ్టుల్లో అలర్ట్‌లు చూస్తూ కూర్చోవాలి, వందలో తొంభై ఉత్తుత్తివే ఉన్నట్టనిపిస్తాయి, విసుగొస్తుంది, ఆ విసుగులోనే నేర్చుకోవాలి.

సర్టిఫికెట్ ఒకటే చెయ్యగలిగితే రెడ్ హ్యాట్ వాళ్ల లైనక్స్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్ఏ చెయ్యి, మూడు గంటలు, బిట్లు ఉండవు, మెషిన్ ఇచ్చి పని చెయ్యమంటారు, అందుకే దానికి విలువ. దానికంటే ముందు కమాండ్ లైను, నెట్‌వర్కింగు, గిట్, పైథాన్, పోస్ట్‌గ్రెస్ ఇవి చేతికి రావాలి. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005 నుంచి ఉంది, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేసిన కుర్రాళ్లకి డబ్బులిస్తారు, ట్రై చెయ్యి. స్వేచ్ఛ, ఫాస్ యునైటెడ్ లాంటి ఓపెన్ సోర్స్ సంఘాల వాళ్లు చేసే కార్యక్రమాలకి వెళ్లు. కోడ్ రాయడం భయమైతే తెలుగు అనువాదాలతో మొదలెట్టు, అదీ లెక్కలోకే వస్తుంది.

ఇప్పుడు బాగా డిమాండున్న పని ఒకటి చెప్తా. 2021 డిసెంబర్లో లాగ్‌ఫోర్‌జే అని చాలా సాఫ్ట్‌వేర్ల లోపల వాడే ఓపెన్ సోర్స్ ముక్కలో తప్పు బయటపడినప్పుడు పెద్ద పెద్ద కంపెనీలకే తమ సాఫ్ట్‌వేర్ లోపల అది ఉందో లేదో తెలియలేదు. మీ నాన్నగారి కొట్లో మేత బస్తా మీద ప్రోటీన్ ఎంత, కొవ్వు ఎంత, తేమ ఎంత అని రాసి ఉంటాది చూడు, సాఫ్ట్‌వేర్‌కి కూడా అలాంటి పట్టిక ఉండాలని ఇప్పుడు అడుగుతున్నారు, మన కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కూడా దాని మీద మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ పట్టికలు తయారుచెయ్యడం, వాటిల్లో పాడైపోయిన ముక్కలు పట్టుకోవడం నేర్చుకుంటే ఇంటర్వ్యూలో నలుగురిలో వేరేగా కనపడతావు.

ఒక్క హెచ్చరిక. హ్యాకింగ్ పరికరాలుండే కాలీ లైనక్స్ వేసుకుని హాస్టల్ వైఫై మీద, కాలేజీ వెబ్‌సైట్ మీద ప్రయోగాలు చెయ్యకు. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. సరదాకి చేశాం అంటే వినరు. సొంత మెషిన్ల మీద చేస్కో, ఎవరూ అడగరు.

నాన్నగారూ, మీ కొట్లో వాడు చేసిన ప్రతి పనీ, ఏ కంప్యూటర్ ఎందుకు మార్చాడో, ఏది మార్చకుండా వదిలేశాడో, ఏ రోజు ఏం చెడిందో తేదీలతో రాసి పెట్టుకోమనండి. రెజ్యూమెలో అందరూ రాసే కాలేజీ ప్రాజెక్టు కంటే ఆ నాలుగు పేజీలు నాకైతే ఎక్కువ నచ్చుతాయి. పని మాత్రం రొయ్యల పట్టుబడులు తగ్గి కొట్లో కాస్త ఖాళీ దొరికినప్పుడు గొడౌన్ కంప్యూటర్‌తో మొదలెట్టమనండి, మార్చి ఎండింగులో గానీ మొదలెట్టాడంటే గుమస్తా గారు ఉద్యోగం మానేస్తారు.