ఒంటరి తల్లి, ఇద్దరు పిల్లలు: హాస్టల్‌కి పంపేయాలా?

ప్రశ్న: అక్కా, మాది కదిరి దగ్గర ఊరు, బెంగళూరులో మహదేవపుర వైపు ఉంటున్నాం. మా పక్క రూములో ఉండే ఆమెని మొగుడు వదిలేసి పోయి ఏడాది దాటింది, ఫోన్ కూడా ఎత్తడు. అపార్ట్‌మెంట్లో రెండిళ్ళల్లో పని చేస్తే నెలకి ఏడు వేలు వస్తాయి, బాడుగకే సగం పోతుంది. పాప గవర్నమెంట్ స్కూల్లో రెండో క్లాసు, బాబుకి మూడున్నరేళ్ళు, వాడు అమ్మతో పాటే వచ్చి మెట్ల మీద కూర్చుంటాడు, సెక్యూరిటీ అరిస్తే లేచి పార్కింగ్‌లోకి పోతాడు, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. ఈ మధ్య ట్రస్ట్ అని ఎవరో వచ్చి పిల్లలిద్దర్నీ మాకిచ్చేయ్, హాస్టల్లో పెట్టి చదివిస్తాం అంటున్నారంట. పంపనా అని నన్నడుగుతోంది, ఏం చెప్పాలి?

జవాబు: పంపొద్దని చెప్పు చెల్లీ. ఇల్లు గడవట్లేదని తల్లీపిల్లల్ని విడదీస్తే నేనొప్పుకోను, చట్టం కూడా ఒప్పుకోదు, 2015 జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల్ని హోమ్‌లో పెట్టడం ఇంకే దారీ లేనప్పుడు ఆఖర్న చేసే పని.

ఆమెకి దారి ఉంది. మిషన్ వాత్సల్య అని పిల్లల కోసం సెంట్రల్ గవర్నమెంట్ పథకం ఉంది, దాని కింద స్పాన్సర్‌షిప్ అని ఇస్తారు, పిల్లలు ఇంట్లోనే ఉండి చదువుకోడానికి ఒక్కొక్కరికి నెలకి 4,000 రూపాయలు, 18 ఏళ్ళొచ్చేదాకా. భర్త చనిపోయినవాళ్ళు, విడాకులైనవాళ్ళ పిల్లలకే కాదు, ఇలా వదిలేస్తే ఒంటరిగా ఉన్న తల్లుల పిల్లలకి కూడా. సిటీలో కుటుంబం ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు, ఆమెది 84,000 కాబట్టి అడగొచ్చు. జిల్లా బాలల రక్షణ విభాగం ఆఫీసులో అప్లికేషన్ ఇవ్వాలి, ఆధార్, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, పాప స్కూల్ కాగితం, ఇన్‌కమ్ సర్టిఫికెట్, బ్యాంక్ పాస్‌బుక్ రెడీగా పెట్టుకోండి. వాళ్ళు ఇంటి పరిస్థితి చూసి ఈ స్పాన్సర్‌షిప్ మంజూరు చేసే కమిటీకి పంపుతారు, కమిటీ ఒప్పుకున్నాకే డబ్బులు, అందుకే టైమ్ పడుతుంది. పాపని మాత్రం బడి మాన్పించొద్దు, మానేస్తే ఈ డబ్బులు ఆగిపోతాయి. ఇంకోటి, నువ్వు తోడుగా వెళ్ళు తల్లీ, ఒక్కతే వెళ్తే రేపు రా అనగానే తిరిగొచ్చేస్తుంది, పూట పని మానితే జీతంలో కోస్తారని ఆమె భయం ఆమెది.

ఈలోపు బాబుని రేపే దగ్గర్లో అంగన్‌వాడీకి తీసుకెళ్ళండి, 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలకి అక్కడ తిండి, ఆటపాటలు అన్నీ ఫ్రీ, కన్నడ రాదని బెంగ వద్దు, ఆ వయసులో ఇట్టే వచ్చేస్తుంది. వాడు మెట్ల మీద కూర్చునే బాధ ముందు తప్పాలి. రేషన్ కార్డు ఊరిదే అయినా, అది కేంద్రం ఆహార భద్రత చట్టం కిందిదై ఆధార్ లింక్ అయ్యుంటే బెంగళూరులో కూడా సెంట్రల్ గవర్నమెంట్ బియ్యం తీసుకోవచ్చు. కర్ణాటక గవర్నమెంట్ ఇంటి ఆడవాళ్ళకి నెలనెలా ఇచ్చే గృహలక్ష్మి 2,000కి మాత్రం కర్ణాటక రేషన్ కార్డు కావాలి, అందులో ఇంటి యజమానిగా ఆమె పేరుండాలి.

ఆ మొగుడి సంగతి కూడా వదలకండి, భార్యకీ పిల్లలకీ భరణం ఇవ్వాల్సిన బాధ్యత అతనిదే. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు, 15100కి ఫోన్ చేసి అడగండి.

ట్రస్ట్ వాళ్ళు మళ్ళీ వస్తే మీ హోమ్‌కి రిజిస్ట్రేషన్ ఉందా, పిల్లల్ని హోమ్‌లో పెట్టడానికి బాలల సంక్షేమ కమిటీ ఇచ్చిన ఆర్డర్ ఏదీ అని అడగండి. నసిగితే వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, అంతవరకు ఆమెని ఏ కాగితం మీదా సంతకం పెట్టనీయకు.