చదువు, వృద్ధి, పుడమి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: బాగా చదివితే మంచి ఉద్యోగం వస్తుందని, అందరూ చదువుకుంటే దేశం ఆర్థికంగా ఎదుగుతుందని ఏళ్ల తరబడి పిల్లలకు చెబుతున్నాను. ఆ ఎదుగుదలే అడవులను, నీటిని, వాతావరణాన్ని దెబ్బతీస్తోందని వారు చదివే మరో పాఠం చెబుతోంది. ఈ రెండింటికీ పొంతన కుదిరేదెలా?
– ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు

జవాబు: ఇప్పుడు చెబుతున్న తీరులో అయితే పొంతన కుదరదు. చదువు విలువను ఆదాయంతో కొలిచే పద్ధతి మనం అనుకునేంత పాతది కాదు. 1960లో అమెరికా ఆర్థికవేత్తల సంఘం అధ్యక్షుడి హోదాలో థియోడర్ షుల్జ్ చేసిన ప్రసంగం, చదువుపై పెట్టే ఖర్చును పెట్టుబడిగా చూడాలని వాదించింది. 1964లో వెలువడిన అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్ గ్రంథం ఆ వాదనను మరింత పకడ్బందీగా నిలబెట్టింది. మనుషుల చదువును, నైపుణ్యాన్ని పెట్టుబడిగా చూసే ‘మానవ మూలధనం’ అనే మాట ఆ తర్వాతి దశాబ్దాల్లో ప్రభుత్వాల ప్రణాళికల్లో స్థిరపడిపోయింది. దానివల్ల మేలు జరగలేదని అనలేము. బడులకు నిధులు అడిగేవారికి ఆర్థిక శాఖలు చెవికెక్కించుకునే భాష ఒకటి దొరికింది. అయితే ఒక ఏడాది అదనంగా చదివితే వేతనం ఎంత పెరుగుతుందో చెప్పగల ఈ లెక్కలో, ఆ వేతనం ఏ పని చేసి సంపాదించినది, ఆ పని వల్ల నేలకూ నీటికీ ఏమైంది అన్న ప్రశ్నలకు చోటు లేదు. నదిలోకి రసాయనాలు వదిలే కర్మాగారాన్ని నడిపే ఇంజినీరు, ఆ నదిని శుద్ధి చేసే ఇంజినీరు ఒకే జీతం తీసుకుంటుంటే వారిద్దరి చదువుకూ ఈ లెక్కలో ఒకే విలువ.

దేశంలో ఏడాదిలో జరిగే మొత్తం ఉత్పత్తి విలువను చెప్పే జీడీపీ విషయంలోనూ ఇదే జరిగింది. జాతీయాదాయ గణనకు రూపమిచ్చినవారిలో ముఖ్యుడైన సైమన్ కుజ్నెట్స్, ఆ అంకెను బట్టి ప్రజల క్షేమాన్ని అంచనా వేయలేమని 1934 నాటి తన నివేదికలోనే హెచ్చరించారు. ఆ అంకె ఊరూరా తెలిసింది, హెచ్చరిక మాత్రం నిపుణుల మధ్యే ఉండిపోయింది.

తరగతి గదిలో మీరు చేయించదగిన పని ఒకటుంది. ఏటా 3 శాతం చొప్పున పెరిగే ఆర్థిక వ్యవస్థ 24 ఏళ్లలోపే రెట్టింపవుతుంది, వందేళ్లలో 19 రెట్లు దాటుతుంది. చక్రవడ్డీ నేర్చిన ఏ విద్యార్థికైనా ఈ లెక్క కష్టం కాదు. కాకపోతే దాన్ని బ్యాంకు డిపాజిట్ల మీద చేయిస్తారే గాని వృద్ధి రేటు మీద చేయించరు. లెక్క పూర్తయ్యాక, ఆ 19 రెట్ల ఉత్పత్తికి ముడిసరుకు, ఇంధనం ఎక్కడి నుంచి వస్తాయో, వ్యర్థాలు ఎక్కడికి పోతాయో పిల్లలనే అడగండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అంచనా ప్రకారం ప్రపంచమంతటా భూమి నుంచి ఏటా తీసే ఖనిజాలు, ఇంధనాలు, పంటలు, కలప అన్నీ కలిపి 1970లో సుమారు 3,000 కోట్ల టన్నులు ఉండగా, ఇప్పుడు 10,000 కోట్ల టన్నులు దాటాయి.

సాంకేతికత మెరుగుపడితే తక్కువ వనరులతోనే ఎక్కువ ఉత్పత్తి సాధ్యం కదా అని చురుకైన విద్యార్థి ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా. కొన్ని సంపన్న దేశాల్లో జీడీపీ పెరుగుతూనే కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలు తగ్గిన మాట నిజం. అయితే ఆ తగ్గుదల అవసరమైనంత వేగంగా లేదు. పైగా ఆవిరి యంత్రాలు మెరుగుపడిన కొద్దీ బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగిందని ఆంగ్ల ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే గమనించారు. ఏదైనా చవకైతే దాన్ని మరింతగా వాడడం మనుషుల అలవాటు. ఈ వాదప్రతివాదాలను పిల్లల ముందు పెట్టి, తీర్పు వారికే వదిలేయడం మంచిది.

ప్రశ్న: పర్యావరణాన్ని ప్రత్యేక సబ్జెక్టుగా పెట్టి మార్కులు ఇస్తే సరిపోదా?
– ఒక విద్యార్థి తండ్రి

జవాబు: సరిపోదు. పర్యావరణ విద్యపై 1977లో జార్జియాలోని తిబిలిసి నగరంలో జరిగిన అంతర్జాతీయ సదస్సు, దాన్ని అన్ని సబ్జెక్టుల మేళవింపుగా బోధించాలనీ, తెలివిడితో ఆగక సమస్యల పరిష్కారంలో పాల్గొనే నైపుణ్యం దాకా తీసుకుపోవాలనీ ఆనాడే చెప్పింది. విడి సబ్జెక్టుగా పెట్టినప్పుడు ఏమవుతుందంటే, విజ్ఞానశాస్త్రం పీరియడ్‌లో అడవి కార్బన్‌ను నిల్వ చేస్తుందని నేర్చుకున్న విద్యార్థి, అర్థశాస్త్రం పీరియడ్‌లో నరికిన కలప విలువను ఆదాయంగా కూడుతాడు. పోయిన అడవి విలువను ఎక్కడ తీసివేయాలో ఎవరూ చెప్పరు. ఆ తీసివేతకు దారి చూపే లెక్కల పద్ధతి లేకపోలేదు: అడవులు, చిత్తడి నేలలు వంటి జీవావరణ వ్యవస్థల గణనకు ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం 2021లో ఒక ప్రమాణాన్ని ఆమోదించింది. వాణిజ్యశాస్త్రం చదివేవారికి అది పాఠంగా చేరితే, గోడపత్రికల పోటీలు పెట్టడం కంటే ఎక్కువ ప్రయోజనం ఉంటుందని మా అభిప్రాయం. సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థికి, సిమెంటు కోసం సున్నపురాయిని కాల్చినప్పుడు ఇంధనం నుంచే కాక ఆ రాయి నుంచి కూడా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందన్న విషయం డిజైన్ పాఠంలోనే రావాలి, చివర్లో చేర్చిన అనుబంధంలో కాదు.

ప్రశ్న: ఇదంతా కడుపు నిండినవారి చర్చ కాదా? పేద దేశాలు వృద్ధిని వదులుకోవాలా?
– ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: వదులుకోనక్కర్లేదు. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు సైతం బాగా వెనుకబడిన దేశాలకు ఏటా కనీసం 7 శాతం వృద్ధిని కోరుతున్నాయి. కరెంటు, ఆసుపత్రి, బడి లేనిచోట వాటిని కట్టడానికి సిమెంటు, ఉక్కు కావలసిందే. ప్రపంచ జనాభాలో అత్యంత సంపన్నులైన 10 శాతం మంది వల్లనే దాదాపు సగం ఉద్గారాలు వస్తున్నప్పుడు, తగ్గించుకోవలసిన భారం ముందుగా వారిదే. ఆ 10 శాతంలో చాలామంది ఉన్నత చదువులు చదివినవారే కనుక, పాఠ్యప్రణాళికను తిరగరాయవలసిన అవసరం పల్లె బడి కంటే పేరున్న విశ్వవిద్యాలయాల మేనేజ్‌మెంట్, ఆర్థికశాస్త్ర విభాగాలకే ఎక్కువగా ఉంది.