టెక్ సందేహాలు: యూట్యూబ్ పెడితే ఫ్యాన్ హోరు.. తప్పు డ్రైవర్‌దా, కోడెక్‌దా?

ప్రశ్న: ఇంటెల్ ఐ3 ఆరో తరం ప్రాసెసర్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వాడుతున్నాను. ఫైర్‌ఫాక్స్‌లో 1080పీ యూట్యూబ్ వీడియో పెడితే ఫ్యాన్ హోరెత్తిపోతోంది. వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే వీఏ-ఏపీఐ డ్రైవర్ వేయమంటే వేశాను. మార్పు లేదు. ఏం చేయాలి?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: డ్రైవర్ వేసినా మార్పు రాలేదంటే చాలామటుకు తప్పు డ్రైవర్‌ది కాదు. మింట్‌లో అది సాధారణంగా ముందే ఉంటుంది కూడా. ముందు చూడాల్సింది యూట్యూబ్ మీకు ఏ కోడెక్‌లో (వీడియోను కుదించే పద్ధతి) వీడియో పంపుతోందన్నది. వీడియో నడుస్తుండగా దానిపై రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ తెరవండి. ‘కోడెక్స్’ వరుసలో ఏవీసీ1 అని ఉంటే హెచ్.264, వీపీ09 అంటే వీపీ9, ఏవీ01 అంటే ఏవీ1.

వీడియోను విప్పడానికి గ్రాఫిక్స్ చిప్‌లో విడిగా ఒక సర్క్యూట్ ఉంటుంది. తయారైన నాడు దానికి ఏ కోడెక్‌లు వచ్చో ఇప్పటికీ అవే వచ్చు. కొత్తవి అప్‌డేట్‌తో నేర్పలేం. ఇంటెల్‌లో వీపీ9ను పూర్తిగా హార్డ్‌వేర్‌లోనే విప్పడం ఏడో తరంతోనూ, ఏవీ1 పదకొండో తరంతోనూ మొదలైంది. మీ ఆరో తరానికి హెచ్.264 బాగా వచ్చు. యూట్యూబ్ పంపేదేమో ఎక్కువగా మిగతా రెండే. అప్పుడు పనంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది, ఫ్యాన్ లేస్తుంది.

అందుకే మీకు మందు డ్రైవర్ కాదు, యూట్యూబ్‌ను హెచ్.264 అడగడం. ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్‌లలో ‘హెచ్264ఇఫై’ అని దొరుకుతుంది. వేసుకుని పేజీ రీలోడ్ చేసి, స్టాట్స్‌లో ఏవీసీ1 వచ్చిందేమో చూడండి. ఒక్కటే నష్టం: హెచ్.264లో యూట్యూబ్ 1080పీ దాటి ఇవ్వదు. పాత ల్యాప్‌టాప్‌ల్లో చాలావాటి తెర 1366×768 మాత్రమే కాబట్టి పోయేదేమీ లేదు. సెకనుకు 60 ఫ్రేముల వీడియోలు అప్పటికీ తడబడుతుంటే వాటిని ఆపే ఆప్షన్ కూడా అందులోనే ఉంది.

ఏడు నుంచి పదో తరం దాకా ఉన్నవారికి యాడ్-ఆన్ అక్కర్లేదు. అడ్రస్ బార్‌లో ‘అబౌట్’, కోలన్, ‘కాన్ఫిగ్’ టైప్ చేసి, ‘మీడియా.ఏవీ1.ఎనేబుల్డ్’ను ‘ఫాల్స్’ చేస్తే యూట్యూబ్ వీపీ9కు దిగుతుంది. మీరు మాత్రం ఇదొక్కటే చేసి ఆగకండి. మీ చిప్‌కు వీపీ9 కూడా భారమే.

డ్రైవర్ సంగతి కూడా తేల్చుకుందాం. ‘వీఏఇన్ఫో’ ప్యాకేజీ వేసి టెర్మినల్‌లో అదే పేరుతో నడపండి. వచ్చే జాబితాలో హెచ్264 పేర్ల పక్కన ‘వీఎల్‌డీ’ ఉంటే డీకోడింగ్, అంటే వీడియోను విప్పడం, సిద్ధంగా ఉన్నట్టు. ‘ఎన్‌క్‌స్లైస్’ అన్నది ఎన్‌కోడింగ్‌కు, అంటే వీడియోను కుదించడానికి. అది చూసి సంతోషపడితే లాభం లేదు. జాబితాకు బదులు డ్రైవర్ తెరుచుకోలేదని ఎర్రర్ వస్తే, ‘ఇంటెల్-మీడియా-వీఏ-డ్రైవర్’ ఉందో లేదో చూడండి. పాత చిట్కా ఏదైనా పాటించి ‘లిబ్‌వీఏ డ్రైవర్ నేమ్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ఎక్కడైనా రాసి ఉంటే తీసేయండి. డ్రైవర్ పేరు తప్పుగా బిగించేయడం వల్లే ఈ ఎర్రర్ చాలాసార్లు వస్తుంది.

ఇంటెల్ చిప్‌లకు ఈ హార్డ్‌వేర్ డీకోడింగ్ సదుపాయం ఫైర్‌ఫాక్స్ 115 నుంచి, అంటే 2023 జులై నుంచి, దానంతట అదే పనిచేస్తుంది. అడ్రస్ బార్‌లో ‘అబౌట్’, కోలన్, ‘సపోర్ట్’ కొట్టి, మీడియా విభాగంలో కోడెక్‌ల పట్టిక చూడండి. హెచ్264కు హార్డ్‌వేర్ డీకోడింగ్ ఉన్నట్టు చూపాలి. చివరి రుజువు ‘ఇంటెల్-జీపీయూ-టూల్స్’లోని ‘ఇంటెల్ జీపీయూ టాప్’. సుడోతో (అడ్మిన్ హక్కులతో) నడిపి, ‘వీడియో’ అనే వరుసలో శాతం సున్నా దాటుతోందేమో చూడండి. ‘రెండర్/3డీ’ ఒక్కటే కదులుతుంటే చిప్ బొమ్మను తెరకు ఎక్కిస్తోందంతే, వీడియోను విప్పడం లేదు.

ప్రశ్న: ఏఎండీ రైజెన్ 5 5500యూ ల్యాప్‌టాప్, ఫెడోరా. వీపీ9 హార్డ్‌వేర్‌లో నడుస్తోంది. తేలికైన హెచ్.264 మాత్రం ప్రాసెసర్ మీదే పడుతోంది. ఇదేం విచిత్రం?
- ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చిప్‌లో లోపం లేదు, పేటెంట్ల గొడవ. హెచ్.264, హెచ్.265 పేటెంట్ల పరిధిలోని కోడెక్‌లు కాబట్టి, ఫెడోరా 2022లో తన మెసా (గ్రాఫిక్స్ డ్రైవర్ల) ప్యాకేజీల నుంచి వాటి హార్డ్‌వేర్ డీకోడింగ్‌ను తీసేసింది. ఫెడోరా ఇవ్వని ప్యాకేజీలను అందించే ఆర్‌పీఎం ఫ్యూజన్ రిపాజిటరీలు రెండూ (ఫ్రీ, నాన్‌ఫ్రీ) చేర్చుకుని, ప్యాకేజీ మేనేజర్ డీఎన్‌ఎఫ్ ‘స్వాప్’ ఆదేశంతో ‘మెసా-వీఏ-డ్రైవర్స్’ స్థానంలో ‘మెసా-వీఏ-డ్రైవర్స్-ఫ్రీవరల్డ్’ పెట్టండి. అలాగే ‘ఎఫ్ఎఫ్ఎంపెగ్-ఫ్రీ’ తీసి పూర్తి ‘ఎఫ్ఎఫ్ఎంపెగ్’ వేయండి. హెచ్.264 హార్డ్‌వేర్ డీకోడింగ్‌కు ఫైర్‌ఫాక్స్ దాని లైబ్రరీ మీదే ఆధారపడుతుంది. రెండో పని మరిచిపోయి, మొదటిది ఫలించలేదని తిట్టుకునేవారే ఎక్కువ.

ఇక ముందు అప్‌డేట్ సమయంలో మెసా వెర్షన్లు పొసగడం లేదని డీఎన్‌ఎఫ్ మొరాయించవచ్చు. ఫ్రీవరల్డ్ ప్యాకేజీ వెనకబడినప్పుడు జరిగేదే అది. బలవంతంగా తొలగించకండి, ఒకట్రెండు రోజులు ఆగి మళ్లీ అప్‌డేట్ చేయండి. ఏఎండీ చిప్‌లకు ఫైర్‌ఫాక్స్ 136 (2025 మార్చి) నుంచి హార్డ్‌వేర్ డీకోడింగ్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. మీ 5500యూకు ఏవీ1 రాదు కాబట్టి, దాన్ని పైన చెప్పినట్టే ఆపేసుకోండి.

ప్రశ్న: ఇంటెల్‌తో పాటు ఎన్‌విడియా కార్డు కూడా ఉంది. వీడియోలు దాని మీద నడిపించాలంటే?
- మరో పాఠకుడు

జవాబు: ల్యాప్‌టాప్ అయితే ఆ ఆలోచన మానుకోండి. వీడియోకు ఇంటెల్ చిప్ చాలు, పైగా బ్యాటరీ మిగులుతుంది. డెస్క్‌టాప్‌లో ఎన్‌విడియా ఒక్కటే దిక్కయితే, దాని సొంత డ్రైవర్‌తో పాటు ‘ఎన్‌విడియా-వీఏఏపీఐ-డ్రైవర్’ కావాలి. ఇది ఎన్‌విడియా కంపెనీది కాదు, బయటివారు ఫైర్‌ఫాక్స్‌ను దృష్టిలో పెట్టుకుని రాసింది. దాని సూచనల్లో ఫైర్‌ఫాక్స్ ఆర్‌డీడీ శాండ్‌బాక్స్‌ను (వీడియో విప్పే భాగాన్ని మిగతా సిస్టమ్ నుంచి వేరుగా ఉంచే రక్షణ) ఆపమని ఉంటుంది. అంటే వేగం కోసం కొంత భద్రత వదులుకోవడమే. ఇంటి పీసీలో సరే. బ్యాంకు పనులూ అందులోనే చేస్తుంటే నేనైతే వద్దంటాను.

ప్రశ్న: యూట్యూబ్ బాగుంది. ఓటీటీ సినిమా పెడితే మళ్లీ ఫ్యాన్ లేస్తోంది.
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సినిమా కాపీ కాకుండా ఓటీటీలు వాడే వైడ్‌వైన్ రక్షణ లినక్స్ డెస్క్‌టాప్‌లో అట్టడుగు స్థాయి, ఎల్3లో పనిచేస్తుంది. తాళం తీయడం, వీడియో విప్పడం రెండూ ఆ వైడ్‌వైన్ మాడ్యూల్ సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తుంది. అప్పుడు ‘ఇంటెల్ జీపీయూ టాప్’లో ‘వీడియో’ వరుస సున్నా చూపినా మీ సెట్టింగుల తప్పేమీ కాదు. ప్లేయర్‌లో క్వాలిటీ తగ్గించే వీలుంటే ఒక మెట్టు దించి చూడండి.