డాక్టర్ సలహా: పాపాయికి పిల్లికూతలు.. ఇది నెమ్మేనా?

ప్రశ్న: మా బాబుకు 4 నెలలు, 6 కిలోలు ఉన్నాడు. మూడు రోజుల కింద సర్ది పట్టింది. నిన్నటి నుంచి దగ్గు, పిల్లికూతలు. పాలు పట్టుకుని వెంటనే వదిలేసి ఏడుస్తున్నాడు. మందుల షాపులో యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చారు. మా అత్తమ్మ సాంబ్రాణి పొగ వేయమంటోంది. ఇది నెమ్మా?
– ఓ తల్లి, హనుమకొండ

జవాబు: మీరు రాసిన తీరు చూస్తే నెమ్ము కన్నా బ్రాంకియోలైటిస్‌లా ఉంది. ఎక్కువగా ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌తో వస్తుంది. ఊపిరితిత్తుల్లోని సన్నటి గొట్టాలు వాచి, జిగురుతో పూడుకుంటాయి. ఆ కూత అందుకే. వైరస్‌కు యాంటీబయాటిక్ పనిచేయదు, డాక్టర్ చూడకుండా వేయకండి. దగ్గు సిరప్ అసలే వద్దు.

బాబు పాలు వదిలేసేది ఆకలి లేక కాదమ్మా. ఈ వయసులో ఊపిరి ఎక్కువగా ముక్కుతోనే. ముక్కు మూసుకుపోతే చప్పరిస్తూ గాలి పీల్చడం కష్టం. పాలకు ముందు ఒక్కో ముక్కురంధ్రంలో 2 చుక్కల సెలైన్ డ్రాప్స్ వేసి, కాసేపాగి మెత్తగా తుడవండి. నూనె చుక్కలు వేయొద్దు, ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. పాలు గంటన్నర, రెండు గంటలకోసారి కొద్దికొద్దిగా పట్టండి.

జ్వరముంటే పారాసెటమాల్ కిలోకు 10–15 మిల్లీగ్రాములు, అంటే మీ బాబుకు 60–90. ఒక ఎంఎల్‌లో 100 మిల్లీగ్రాములుండే డ్రాప్స్ అయితే 0.6–0.9 ఎంఎల్. డోసుకు డోసుకు కనీసం 6 గంటలు. డ్రాప్స్‌ను సిరప్ అనుకుని చెంచాతో పోసేవాళ్లున్నారు, చాలా ప్రమాదం. సీసా మీద అంకె చదవండి.

సాంబ్రాణి, బీడీ, దోమల కాయిల్ ఏ పొగైనా ఆ గొట్టాలను ఇంకా మంటెక్కిస్తుంది. కర్పూరం కలిసిన బామ్ రాయొద్దు, పసిపిల్లల్లో ఫిట్స్ రావచ్చు.

ఈ జబ్బు 3 నుంచి 5 రోజుల మధ్య ముదురుతుంది. మీరిప్పుడు అక్కడే ఉన్నారు. పాలు తగ్గాయి కాబట్టి ఈ రోజే పిల్లల డాక్టర్‌కు చూపించండి. ఇంట్లో, నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి ఊపిరి లెక్కపెట్టండి. పూర్తిగా 60 సెకన్లు. పసిపిల్లల ఊపిరి ఒక్క తీరుగా ఉండదు, 15 సెకన్లు లెక్కించి నాలుగుతో గుణిస్తే తప్పొస్తుంది. 50 లేదా అంతకు మించితే, డొక్కలు లోపలికి పోతుంటే, పాలు సగం కూడా తాగకపోతే, 6–8 గంటలుగా మూత్రం పోయకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. పెదాలు నీలిరంగుకు తిరిగినా, ఊపిరి మధ్యలో ఆగినా, మూలుగుతున్నా రాత్రని చూడకుండా 108కి ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, ఆక్సిజన్ ఉన్న దగ్గరి పిల్లల ఆసుపత్రికో తీసుకెళ్లండి.

ఆయాసం తగ్గినా దగ్గు రెండు మూడు వారాలుంటుంది. దానికి మళ్లీ మందుల షాపుకు పోవద్దు.