చెరువు శుభ్రం చేస్తున్నాం, మరి పిట్టలెందుకు రావట్లేదు?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది నిజాంపేట వైపు. కాలనీ వెనక చిన్న చెరువుంది. నాలుగు నెలల నుంచి మా అపార్ట్‌మెంట్‌లో ఇంటర్, ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఇరవై మంది ప్రతి ఆదివారం వెళ్ళి కవర్లు, బాటిళ్ళు ఏరుతున్నారు, ఒడ్డున గడ్డీగాదం కూడా పీకేసి నీట్‌గా చేశారు. కానీ ముందు కనపడే పిట్టలు కూడా ఇప్పుడు కనపడట్లేదు, పిల్లలు డల్ అయిపోతున్నారు. ఏం తప్పు చేస్తున్నాం?
– ఒక తల్లి, నిజాంపేట

జవాబు: అమ్మా, ముందు ఆ పిల్లల్ని నా తరఫున మెచ్చుకోండి, ఆదివారం పొద్దున్నే నిద్ర మానుకుని బురదలోకి దిగే పిల్లలు ఎంతమంది ఉంటారు చెప్పండి. కవర్లు, బాటిళ్ళు ఏరడం ఆపొద్దు. మీరు గడ్డీగాదం అన్నారే, నాకు అనుమానం అక్కడే. చెరువు అంచున పెరిగేది ఎక్కువగా తుంగ, జమ్ము. నీటికోళ్ళు గూడు కట్టేది అందులోనే, చేపపిల్లలు దాక్కునేది దాని మొదళ్ళలోనే, పైనుంచి వచ్చే మురికిని కాస్తో కూస్తో వడకట్టేదీ అదే. అది పీకేస్తే మన కంటికి చెరువు నీట్‌గానే ఉంటుంది గానీ పిట్టకి ఇల్లు పోతుంది.

ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ళ కిందట ఒక గ్రూపుతో కలిసి చెరువు క్లీనింగ్‌కి వెళ్ళాం, ఆగస్టు నెల, వానలు బాగా పడ్డాయి, అందరం ఉత్సాహంగా జమ్ము పీకి ఒడ్డున కుప్పలు పోస్తున్నాం, ఒక మోపు ఎత్తేసరికి మధ్యలో మడిచిన ఆకుల గిన్నె లాంటి గూడు, అందులో లేత గోధుమరంగు మీద ఎర్రమచ్చలతో ఐదు గుడ్లు. చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉన్నాయి. మళ్ళీ నీళ్ళ దగ్గర మిగిలిన జమ్ములో పెట్టి దూరంగా సాయంత్రం దాకా కూర్చున్నా, తల్లి రాలేదు. ఆ వెచ్చదనం ఇప్పటికీ నా చేతిలో ఉన్నట్టే అనిపిస్తుంది. అప్పట్నుంచి వానాకాలంలో చెరువు అంచుని ముట్టుకోను, ఎవర్నీ ముట్టుకోనివ్వను కూడా. తప్పనిసరిగా కొంత తీయాలంటే వానలకి ముందే ఎండాకాలంలో, అదీ ఒక పక్క తీసి ఒక పక్క వదిలేసి చేయండి.

నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్క మొక్క సంగతి వేరు. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చింది, నీళ్ళ మీద దుప్పటిలా పరుచుకుని లోపలికి వెలుతురు పోనివ్వదు, కింద ఆక్సిజన్ తగ్గిపోతుంది. దాన్ని తీయాల్సిందే. కాకపోతే డ్రైనేజీ నీళ్ళే దానికి ఎరువు కాబట్టి, మురికి వచ్చే నాలా ఆగకపోతే మీ పిల్లలు తీసిందంతా నెలల్లో మళ్ళీ వచ్చేస్తుంది. ఆ నాలా ఎక్కడ కలుస్తుందో వెతికి, తేదీతో ఫొటోలు తీసి కంప్లెయింట్ ఇవ్వడం కూడా క్లీనింగ్ లాంటి పనే.

ఇప్పుడు అసలు విషయం. ఒక నెల ఏమీ పీకకుండా, ఏమీ నాటకుండా ఊరికే చూడమనండి. పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా, ఒక నోట్‌బుక్, నలుగురు పిట్టలు, నలుగురు మొక్కలు, ఇద్దరు తూనీగలు, ఇలా పంచుకుని ఎవరెవరు ఉంటున్నారో రాయమనండి. పేర్లకి యాప్ కంటే ముందు అక్కడ చేపలు పట్టే గంగపుత్రులనో ముదిరాజులనో, గొర్లు తోలే పెద్దాయననో అడగమనండి. బుడుబుంగ, నీటికాకి, లకుముకి పిట్ట, జెముడు కాకి... ఈ పేర్లు వాళ్ళ నోట్లోనే బతికున్నాయి, మన పిల్లలు రాసుకోకపోతే వాళ్ళతోటే పోతాయి. తర్వాత అందులోని పిట్టల లిస్టు ఈబర్డ్‌లో (ఎవరైనా చూసిన పిట్టల్ని నమోదు చేసే వెబ్‌సైట్) పెట్టండి, ప్రతి జనవరిలో నీటిపిట్టల్ని లెక్కపెట్టే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్‌లో కూడా చేరండి.

ఈ లిస్టుకి చట్టంలోనూ చోటుంది. 2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థకీ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఆ కమిటీ ప్రజలతో మాట్లాడి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. మీ మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి మా చెరువు పేజీ ఏదండీ అని అడగండి, లేకపోతే మా దగ్గరుంది తీసుకోండి అని నోట్‌బుక్ చేతిలో పెట్టండి. మీకు దగ్గర్లోనే ఉన్న అమీన్‌పూర్ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, దేశంలో నగరాల్లోని చెరువుల్లో ఆ గుర్తింపు మొదట వచ్చింది దానికే. చలికాలంలో ఒక పొద్దున పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. 2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టేస్తుంటే ఆ యూనివర్సిటీ పిల్లలు అక్కడ నక్షత్ర తాబేళ్ళున్నాయి, జింకలున్నాయి, నెమళ్ళున్నాయి అని పేర్లతో సహా చెప్పగలిగారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు నరకడం ఆపమంది. పేరు పెట్టి చెప్పగలిగితే ఖాళీ జాగానే కదా అనేవాళ్ళకి జవాబు ఉంటుంది.

ప్రశ్న: ఆంటీ, నేను టెన్త్. మాకు జీవవైవిధ్యం అంటే ఎగ్జామ్‌లో వచ్చే ఒక క్వశ్చన్. మా ఏరియాలో చెరువు లేదు, అడవి లేదు, మేడ మీద కరివేపాకు కుండీ ఒక్కటే ఉంది. నేనేం చేయొచ్చు?
– ఒక విద్యార్థి, మలక్‌పేట

జవాబు: కరివేపాకు కుండీ చాలు నాన్నా, నిజంగా చాలు. లేత ఆకుల మీద పిట్ట రెట్ట పడినట్టు నల్లగా తెల్లగా ఏదైనా కనపడితే తుడిచేయకు, కాసేపు చూడు, అది కదులుతుంది. అది సీతాకోకచిలుక పురుగు. పిట్టలు తినకుండా ఆ వేషం. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది, పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల జంట బయటికి వచ్చి ఘాటు వాసన కొడుతుంది. అమ్మకి చెప్పి రెండు రెమ్మలు దానికి వదిలేయమను, మందు కొట్టొద్దను. రోజూ ఒక ఫొటో తీసి తేదీ వేసి పెట్టుకో, రెక్కలు వచ్చే రోజు దాకా. క్లాసులో అది చూపిస్తే నీ ఫ్రెండ్స్ కూడా వాళ్ళ కుండీల దగ్గరికి పరిగెడతారు.

ఇంకోటి, వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రి పూజ చేస్తాం కదా. మార్కెట్లో కొన్న కట్ట విప్పి ఒక్కొక్కటీ నేల మీద పరిచి చూడు. మారేడు, గరిక, ఉత్తరేణి, జిల్లేడు, వావిలి, ఉమ్మెత్త... కిందటేడు మా కట్టలో నేను గుర్తుపట్టినవి తొమ్మిది, మిగతావి ఏవో ఆకులు. మీ అమ్మమ్మనో నానమ్మనో కూర్చోబెట్టుకుని మిగతావి ఎక్కడ పెరిగేవో అడుగు, తర్వాత మూసీ ఒడ్డునో రైలు పట్టాల పక్కన ఖాళీ జాగాలోనో పెద్దవాళ్ళతో కలిసి వెతుకు. బతుకమ్మకి గునుగు, తంగేడు దొరికేది కూడా అలాంటి జాగాల్లోనే, అవన్నీ వెంచర్లయిపోతుంటే పువ్వు కోసం ఇంకా ఇంకా దూరం పోవాల్సి వస్తోంది.

ప్రశ్న: దసరా రోజు మా బస్తీకి ఒకతను పంజరంలో పాలపిట్టని తెస్తాడు, చూస్తే మంచి జరుగుతుందని అందరం పైసలిస్తం. అది తప్పా?
– రామంతాపూర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తప్పే తమ్ముడూ. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టడం, పంజరంలో పెట్టడం నేరం, పైగా అది మన తెలంగాణ రాష్ట్ర పక్షి. మనం పైసలివ్వబట్టే పట్టుకొస్తున్నారు, కాబట్టి ఇవ్వకండి, అటవీ శాఖకి ఫోన్ చేయండి. ఈసారి దసరాకి బస్తీ పిల్లల్ని బండ్లెక్కించుకుని తెల్లారేసరికి గండిపేట, చిలుకూరు వైపు పొలాల దగ్గరికి వెళ్ళండి. కరెంటు తీగల మీద మట్టిరంగులో మామూలుగా కూర్చుని ఉంటుంది, మొదట అదేనా అనిపిస్తుంది. ఎగిరేదాకా ఆగండి, రెక్క విప్పగానే ఆ నీలం కనపడుతుంది.